గొడుగు కింది వైపు

ఏప్రిల్ 4, సోమవారం

రిపోర్టు వచ్చింది. మొదటి పేజీ మీదే ఎర్ర స్టాంపు: ‘సరిపోలలేదు’.

మేం పంపిన పుట్టగొడుగుల పొడిలో, మేం ఉందని రాసిన విటమిన్ డిలో పావు వంతు కూడా లేదట. పావు వంతు! నా మెషీన్ మీద ఎప్పుడు పెట్టినా విటమిన్ డి కనపడాల్సిన చోట గీత నిటారుగా గుట్టలా లేచేది. బయటి ల్యాబు వాళ్లు పంపిన కాగితం మీద అదే చోట చీమల పుట్ట ఉంది.

పుట్టగొడుగుని ఎండలో పెడితే అందులో ఉన్న ఒక పదార్థం విటమిన్ డిగా మారుతుందని నేనేం కనిపెట్టలేదు. అది లోకానికంతా తెలుసు. ఎంత మారుతుందో, పొడి చేసి డబ్బాలో పెడితే ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చడం నా పని. గడప దాటలేని ముసలివాళ్లకి, ఎండ మొహం చూడకుండా మంచం మీద ఉన్నవాళ్లకి రోజుకో చెంచా చాలు అని రీసెర్చ్ పేపర్లో రాశాను. మామూలుగా రాయలేదు, బల్లగుద్ది రాశాను. ఇప్పుడు ఆ చెంచాలో ఏమీ లేదంటున్నారు.

మధ్యాహ్నం మీటింగు. డైరెక్టర్ గారు రిపోర్టు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. డిప్యూటీ గారు గొంతు సవరించుకుని, "మీరు అంతకుముందు చూపించిన శాంపిళ్లలో పొరపాటున విటమిన్ టాబ్లెట్ పొడి ఏమన్నా పడిందేమో చూసుకోండమ్మా" అన్నారు. పొరపాటునట! అక్కడితో ఆగినా బాగుండేది. "పండించేది వాళ్ల అక్కగారు, పరీక్ష చేసేది ఈవిడ. అక్కాచెల్లెళ్ల వ్యవహారం, మధ్యలో మనమేమంటాం" అని తన మాటకి తనే నవ్వుకున్నారు.

గదిలో ఒక్కరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంట్లో గిన్నె జారితే వీధంతా వినపడేలా అరుస్తాను, అక్కడ మాత్రం నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాను.

నెలాఖరు దాకా గడువిచ్చారు. ఈలోగా తేలకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. ‘అచ్చయింది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం’ అని ఆ పేపరు వేసిన పత్రికకి ఉత్తరం వెళ్తుంది, నా సంతకంతో. సంతకం నాదైతే దొంగని నేనేగా.

దొంగ అన్న మాట వాళ్లెవరూ అనలేదు. నేనే రాశాను.

ఏప్రిల్ 5, మంగళవారం

బయటి ల్యాబుకి సీలు వేసి పంపిన పొడిలో సగం మా దగ్గరే ఉంది. తెల్లారగానే వెళ్లి తీశాను.

కిటికీలకి పసుపుపచ్చ పరదాలు దించాను. ఈ విటమిన్ మహారాణి ఎండలోనే పుడుతుంది, బయటికి తీశాక మాత్రం ల్యాబులో ట్యూబులైటుకి కూడా ఓర్వదు. పొడిని క్షారం కలిపిన ఆల్కహాలులో మరగబెట్టాను. కొవ్వంతా సబ్బయిపోయింది. చల్లార్చి, హెక్సేను ద్రావకం పోసి గాజు గరాటులో కుదిపి, తేలిన పై పొర పట్టుకుని, కడిగి, ఆవిరి చేస్తే గాజు అడుగున లేత పసుపు మరక మిగిలింది. దాన్ని మెషీన్‌లోకి పంపించి ఎదురుగా కూర్చున్నాను.

చీమల పుట్ట.

అయితే మెషీనే పాడయిందనుకుని అక్క వాళ్ల డాబా మీద ఆరిన పాత డబ్బా తీసి, అదే చేత్తో, అదే గరాటుతో మళ్లీ మొదటినుంచీ చేశాను. గుట్ట లేచింది. ఎప్పటిలా, దర్జాగా.

మెషీను మంచిదే, నా చెయ్యీ మంచిదే. బయటి ల్యాబు వాళ్లూ నిజమే రాశారు. వాళ్లని తిట్టుకుందామని నిన్నంతా సిద్ధమయ్యాను, ఆ సరదా కూడా లేకుండా పోయింది.

తేడా అంతా పుట్టగొడుగుల్లోనే ఉంది.

పాతవన్నీ అక్క డాబా మీద ఆరినవి. సీలు వేసిన ఈ ఒక్క విడత మాత్రం మా ఆఫీసు డాబా మీద, డైరెక్టర్ గారు, డిప్యూటీ గారు, దినపత్రిక ఫోటోగ్రాఫరు అందరూ నిలబడి ఉండగా, పెళ్లికూతుర్ని చేసినట్టు చేసి ఆరబెట్టాం. డాబా వేరైతే ఏం, ఎండ ఎక్కడైనా ఎండే. కాబట్టి ఎండ కాదు. మరి ఇక మిగిలింది ఏమిటి?

ఏప్రిల్ 6

అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, ఆ రోజు ఆఫీసుకి పంపినవి అప్పుడే కోసినవేనా? చల్లగదిలో మిగిలిపోయినవేమన్నా కలిశాయా?"



"మిగిలిపోయినవి నీకు అంటగట్టానంటావా?"

"అనట్లేదక్కా, అడుగుతున్నాను."

"నా చేత్తో కోశానే! చిన్న మచ్చ ఉన్నా తీసి అవతల పారేశాను, మా చెల్లెలు పదిమందిలో చూపించుకుంటుంది కదా అని. పెట్టు, ఫోన్ పెట్టు."

పెట్టమని తనే పెట్టేసింది. చిన్నప్పటినుంచీ అంతే, కోపం ముక్కు మీదే కాపురం ఉంటుంది.

అడగడం వేరు, అనడం వేరు. నేను అడిగాను.

ఏప్రిల్ 7

అక్క ఫోన్ ఎత్తలేదు. నేను అడిగానంతే. ఎవరైనా అడుగుతారు.

ఏప్రిల్ 9, శనివారం

మా ఆయన పొద్దున్నే అక్క దగ్గరికి రాయబారం వెళ్లొచ్చారు. "మీ అక్క ఇంక నీతో మాట్లాడదట. ఆ ముక్క నీకు చెప్పమంది."

"మాట్లాడనని చెప్పడానికి మిమ్మల్ని పంపించిందా?"

"నేను వెళ్తే పంపించింది. నువ్వు వెళ్తే ఏం చేసేదో తెలీదు. చేతిలో కత్తి ఉంది, పుట్టగొడుగులు కోస్తోంది."

నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. అక్క గురించి కాదు, ఆఫీసు గురించి.

ఏప్రిల్ 11, సోమవారం

ఇవాళ ఒక వింత జరిగింది. ఆ బయటి ల్యాబు ఆవిడే ఫోన్ చేసింది. స్టాంపు వేసిన మనిషి.

"అమ్మా, మీ రిపోర్టు రాసింది నేనే. తిట్టుకుంటున్నారా?"

"లేదండీ."

"తిట్టుకోండి, ఫర్వాలేదు. నన్ను మా వీధిలోవాళ్లు కూడా ఎర్రస్టాంపు అంటారు. చూడండి, మీ పేపరు నేను చదివాను. అబద్ధం రాసేవాళ్లు అంకెలన్నీ గుండ్రంగా రాస్తారు, మీవి అడ్డదిడ్డంగా ఉన్నాయి. అందుకే నాకు నిద్ర పట్టట్లేదు. ఇంకోసారి చేద్దాం. కోసిన దగ్గర్నుంచి మెషీను దాకా నేను పక్కనే ఉంటాను. మీరు మాత్రం దేన్నీ ముట్టుకోకూడదు."

నా పుట్టగొడుగుల్ని నేను ముట్టుకోకూడదట! తల కొట్టేసినట్టయింది. ఒక్క నిమిషం ఆలోచిస్తే, ఈ వారంలో నాతో సూటిగా మాట్లాడింది ఈవిడొక్కతే. సరేనన్నాను.

ఏప్రిల్ 12

డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు. డిప్యూటీ గారు "మంచిదే, నిజం బయటికి రావాలిగా" అన్నారు. ఆ ‘గా’ వినాలి.

ఏప్రిల్ 14, గురువారం

అక్క వాళ్ల షెడ్ల దగ్గరికి ఎర్రస్టాంపు మేడం, నేను, ఈయన వెళ్లాం. మేడం చిన్నగా, బక్కగా, చంకలో సంచీతో ఉంది. స్టాంపుకి తగ్గ మనిషి కాదు. షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని మరీ లోపలికొచ్చింది. అక్కకి అక్కడే నచ్చేసింది.

నాకు మాత్రం అక్క మొహం కనపడలేదు. వీపు కనపడింది.

"మరిదిగారూ, మీ ఆవిడని తడి నేల మీద నిలబడొద్దని చెప్పండి, జారుతుంది."

"వదినా, ఇక్కడే ఉందిగా, మీరే చెప్పొచ్చుగా."

"నాకు గొంతు బాలేదు."

ఆ గొంతుతోనే మేడంకి పుట్టగొడుగు పుట్టు పూర్వోత్తరాలన్నీ చెప్పింది. గంపల్లో కోశారు. డాబా మీద మంచాల్లాంటి, వల బిగించిన జాలీ ట్రేలు వరసగా ఉన్నాయి. అక్క, పనివాళ్లు గబగబా పరిచారు. నేను ఓ మూల నిలబడ్డాను. ఇంతకాలం ఎండి గలగలలాడేవి డబ్బాల్లో నా దగ్గరికి రావడమే తప్ప, ఇక్కడ పరిచేటప్పుడు దగ్గరుండి చూసింది లేదు.

చివరి ట్రే మిగిలింది. మేడం నా వైపు తిరిగి, "ఇది మీరు సర్దండి. మీ చెయ్యి పడితే తేడా వస్తుందేమో అదీ చూద్దాం. దీనికి వేరే గుర్తు పెడతాను" అంది.

పౌరుషం వచ్చింది. తెల్లటి టోపీలు పైకి వచ్చేలా, వరస తప్పకుండా, ఒకదానికొకటి తగలకుండా సర్దాను. మిగతా ట్రేల్లోవన్నీ కాళ్లు పైకి తన్ని వెల్లకిలా పడి ఉన్నాయి, అడుగున ఉండే బూడిదరంగు మడతలన్నీ బయటపడి, చూడ్డానికి చిందరవందరగా. నా ట్రే ముత్యాల వరసలా ఉంది.

అక్క వచ్చి నా ట్రే చూసింది. నోరు తెరిచింది. మూసింది.

"మరిదిగారూ, అలా పెడితే మడతలు జాలీకి అంటుకుని చిరుగుతాయి, తర్వాత ఆ జాలీ గీకేది నేనే. అయినా మీ ఆవిడ చదువుకున్న మనిషి, నేనేం చెప్పను" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

జాలీ గీకడానికి కూడా నన్నే సాధిస్తుంది!

ఏప్రిల్ 15

మంచి ఎండ. మేడం డాబా మీదే కుర్చీ వేసుకుని కూర్చుంది, తలకి తువ్వాలు చుట్టుకుని. అక్క ఆవిడకి టీ పంపింది. నాకూ వచ్చింది, చక్కెర లేకుండా. మర్చిపోలేదు, తెలుసు నాకు.

ఏప్రిల్ 19, మంగళవారం

అన్నీ వరసగా రాయాలి.

డైరెక్టర్ గారి గదిలోకి పిలిచారు. డిప్యూటీ గారు, మేడం ఉన్నారు. మేడం కాగితాలు బల్ల మీద పరిచింది. గుట్ట. గుట్ట. గుట్ట. అన్నీ నా పాత అంకెలకి దగ్గర్లోనే ఉన్నాయి.

ఆఖరి కాగితం పెట్టింది. చీమల పుట్ట.

"ఇది ఈవిడ సర్దిన ట్రే."

ఒకే డాబా, ఒకే పూట కోత, ఒకే ఎండ. నా చెయ్యి పడ్డ దాంట్లోనే లేదు! డిప్యూటీ గారు కుర్చీలో వెనక్కి వాలి, "అయితే ఈవిడ చెయ్యి తగిలితే విటమిన్ పారిపోతుందన్నమాట" అన్నారు.

మేడం కళ్లజోడు మీదనుంచి చూసింది. "మొన్నటిదాకా ఈవిడ చెయ్యి తగిలితేనే పుడుతుందన్నారు కదండీ. రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోండి."

ఆయన మొహం మాడిపోయింది. నేను ఆ మాటని జన్మలో మర్చిపోను. టాబ్లెట్ గొడవ అక్కడితో చచ్చింది. నేను కలిపేదాన్నయితే, నేను ముట్టిన ట్రేలోనే కదా ఎక్కువుండాలి!

అయినా డైరెక్టర్ గారు తల ఊపలేదు. "సంతోషమే అమ్మా. మరి ఒక ట్రేలో ఉండి ఒక ట్రేలో ఎందుకు లేదు? కారణం తెలీకపోతే రేపు ఆ ముసలివాళ్ల చెంచాలో ఏం పడుతుందో మనకేం తెలుసు? కారణం చెప్పలేకపోతే ఆ ఉత్తరం పంపక తప్పదు."

కోపం రావాలి, రాలేదు. ఆయనన్నది న్యాయం. ఆయన మొహం చూడలేక తలెత్తి ఆయన వెనక గోడకేసి చూశాను. అక్కడ దినపత్రికలో పడ్డ ఫోటో, పెద్దది చేయించి ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. మా ఆఫీసు డాబా, ట్రేలు, చొక్కా చేతులు మడుచుకుని ఒక ట్రే పట్టుకుని నవ్వుతున్న డిప్యూటీ గారు. ట్రేల నిండా తెల్లటి టోపీలు, బోర్లా, వరస తప్పకుండా.

నా ట్రే!

ఆ రోజు అక్క పనివాళ్లు వాళ్ల అలవాటు ప్రకారం వెల్లకిలా పరిచి వెళ్లిపోయారు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తబోతుంటే డైరెక్టర్ గారు, "ఇదేంటమ్మా, నల్లగా మురిగ్గా కనపడుతున్నాయి, తెల్ల వైపు పైకి పెట్టించండి" అన్నారు. డిప్యూటీ గారు ‘నేనున్నానండీ’ అంటూ చేతులు మడుచుకుని, ఒక్కోదాన్నీ ప్రేమగా తిప్పారు. నేను పక్కనే ఉన్నాను. నేనూ కొన్ని తిప్పాను. బాగున్నాయి అని కూడా అన్నాను.

గదిలో ఆ సంగతి బయటపెట్టలేదు. ‘నిరూపిస్తాను, సరుకు అదే, ఇంకొక్కసారి మన డాబా మీద’ అన్నాను. వరండాలోకి వచ్చాక మేడం చెయ్యి పట్టుకుని లాగాను.

"మేడం, మనం గొడుగెందుకు వేసుకుంటాం?"

"ఎండ తగలకుండా."

"పుట్టగొడుగూ అదే చేస్తోంది. అడుగున మడతల్లోనే కదా అసలు సరుకు ఎక్కువ ఉండేది, ఎండ తగలడానికి చోటూ అక్కడే ఎక్కువ. వాటిని కిందికి పెట్టి, దాని మీద దళసరి టోపీ కప్పాం!"

మేడం నా మొహంలోకి చూసింది, తర్వాత ఆఫీసు వరండా అని కూడా చూడకుండా పకపకా నవ్వింది. "ఫోటో కోసమా! అయ్యో రామా, ఫోటో కోసమా!"

ఏప్రిల్ 20

మబ్బు.

ఏప్రిల్ 21

మబ్బు. పాత పేపర్లు తిరగేశాను. మడతల వైపు పైకి పెట్టాలని ఎవరో ఎప్పుడో రాసే పెట్టారు, లెక్కలతో సహా. నా దగ్గరే ఉంది ఆ పేపరు. ఆరబెట్టే సంగతి కదా, మనకెందుకు, మనది కెమిస్ట్రీ అని ఆ పేజీ తిప్పేశాను. తెలివి!

సరే, కనిపెట్టిన గొప్ప నాకు దక్కదు. దక్కకపోతే పోయింది. నేను అబద్ధం ఆడలేదని తేలితే చాలు.

ఏప్రిల్ 22, శుక్రవారం

వాన. కిటికీ దగ్గర కూర్చుని ఆకాశాన్ని తిడుతున్నాను.

ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. ‘అడిగానంతే’ అని ఎన్నిసార్లు రాసుకున్నానో. డిప్యూటీ గారు కూడా అడిగారంతే. ‘పడిందేమో చూసుకోండమ్మా’ అని, ఎంత మర్యాదగా! నా దగ్గర ఏ ఆధారమూ లేకుండా, నాకు కుదిరే కారణం ఇంకోటి లేదని, నా మీద పడ్డ బురద తీసుకెళ్లి అక్క మీద వేశాను. అదీ, మచ్చ ఉన్నవన్నీ ఏరి పారేసిన మనిషి మీద.

‘తప్పయింది అక్కా’ అని మెసేజ్ పెట్టాను. సాయంత్రం ఈయన ఫోన్‌కి జవాబొచ్చింది. ఈయన చదివి వినిపించారు. "నన్ను నోటితో అంది. వేలితో చెప్తే కుదరదని చెప్పండి."

ఎత్తితేగా నోటితో చెప్పడానికి!

ఏప్రిల్ 24

సాయంత్రం మబ్బు విడిపోయింది. రేపు పొద్దున కోయించమని ఈయన చేత అక్కకి కబురు పెట్టాను. ‘సరే’ అంది. ఒక్క ముక్క ఎక్కువ లేదు.

ఏప్రిల్ 25, సోమవారం

ఎండ! ఎండ! ఎండ!

మా ఆఫీసు డాబా. అక్క పంపిన గంపలు. డైరెక్టర్ గారు గొడుగు వేసుకుని వచ్చారు, డిప్యూటీ గారు నీడ పట్టున నిలబడ్డారు. ప్రతి ట్రేనీ మధ్యలో తాడు కట్టి రెండు సగాలు చేశాం. ఒక సగం వెల్లకిలా, ఒక సగం బోర్లా. పరిచింది మేడం. నేను చేతులు వెనక్కి కట్టుకుని, అందరికీ కనపడేట్టు నిలబడ్డాను.

డైరెక్టర్ గారు చాలాసేపు ఆ ట్రేల వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఆయనకి ఫోటో గుర్తొచ్చినట్టుంది. గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, ఎండలోనే నిలబడ్డారు.

ఏప్రిల్ 27, బుధవారం

గెలిచాను.

ఆ ఒక్క మాటా రాసి పడుకుందామనుకున్నాను, కుదరట్లేదు. మొత్తం రాస్తాను. మళ్లీ ఇలాంటి రోజు ఎప్పుడొస్తుందో ఏమో.

పరదాలు దించిన ల్యాబులో పొద్దున్నించీ మేడం చేతులే ఆడుతున్నాయి, నా నోరు ఆడుతోంది. "మేడం, ఇంకొంచెం కుదపండి... గాలి వదలండి, గాలి! మూత ఎగురుతుంది." "ఎన్నేళ్లుగా కుదుపుతున్నానో తెలుసా అమ్మా నేను!" పొరలు విడిపోయాయి. పైన నీళ్లలా తేటగా, కింద సబ్బు కుడితి. ఆవిరి చేశాక రెండు గాజు సీసాలు మిగిలాయి. కంటికి రెండూ ఒకటే, అడుగున లేత పసుపు మరక.

మొదట బోర్లా పెట్టిన సగం. స్క్రీను మీద గీత నేల మీద పాకినట్టు పాకుతూ వచ్చి, ఆ చోటికి రాగానే కాస్త తలెత్తి, మళ్లీ పడుకుంది. చీమల పుట్ట. డిప్యూటీ గారు ఎప్పుడొచ్చారో గుమ్మంలో నిలబడి ఉన్నారు. డైరెక్టర్ గారు ఆయన ముందు.

రెండోది పెట్టింది. గీత పాకుతోంది. ఆ చోటికి ఇంకా రాలేదు, ఇంకా రాలేదు, వచ్చింది. లేచింది. లేస్తూనే ఉంది. గుట్ట కాదు, కొండ! స్క్రీను పై అంచుకి తగిలి, ఇక చోటు లేక, మెషీను తనంతట తనే కొలత మార్చుకుంది. అప్పుడు పాపం ఆ మొదటి చీమల పుట్ట నేలలో కలిసిపోయింది.

నేను అరిచాను. ఏమని అరిచానో తెలీదు. మేడం నన్ను కావలించుకుంది. పక్క ల్యాబుల వాళ్లు ఏదో పేలిందనుకుని పరిగెత్తుకొచ్చారు. "పేలలేదు, లేచింది, లేచింది!" అని అందరికీ స్క్రీను చూపించాను. మిగతా ట్రేలూ అంతే. ప్రతి ట్రేలోనూ ఒక సగం కొండ, ఒక సగం పుట్ట. ఒక్కటంటే ఒక్కటి మాట తప్పలేదు.

మేడం సంచీలోంచి ఇంకో స్టాంపు తీసింది, నీలం సిరా. "నా దగ్గర ఇది కూడా ఉందని ఎవరికీ తెలీదు" అంటూ కాగితం మీద గట్టిగా కొట్టింది. ‘సరిపోలింది’.

డైరెక్టర్ గారు అందరి ముందూ, "ఆ వేళ తిప్పమన్నది నేనమ్మా. నా సోకు నీ మెడకి చుట్టుకుంది" అన్నారు. పెద్దమనిషి. నేను ‘ఫర్వాలేదండీ’ అనబోయి, అనలేదు. ఫర్వా ఉంది మరి. తల మాత్రం ఊపాను.

ఇంటికొచ్చి ఈయనకి మొత్తం చెప్పాను, గీత లేచిన చోట చెయ్యి పైకెత్తి మరీ. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఏప్రిల్ 29, శుక్రవారం

అదే గది, అదే బల్ల, అదే మనుషులు. నేనే అడిగాను, నన్ను ఎక్కడ అన్నారో అక్కడే అనాలని. ఉత్తరం పంపక్కర్లేదు. దాని బదులు పేపరుకి ఒక చిన్న సవరణ పంపుతున్నాం: పరిచేటప్పుడు మడతల వైపు పైకి ఉండాలి. పొడి పని సాగుతుంది. డబ్బా మీద కూడా ఆ ముక్క అచ్చు వేస్తారట.

ఇదంతా అయ్యాక డిప్యూటీ గారు గొంతు సవరించుకున్నారు. పెన్ను కేసి చూస్తూ, "ఆ రోజు నేను... ఆ టాబ్లెట్ మాట అనకుండా ఉండాల్సింది" అన్నారు.

నిన్నంతా అనుకున్నాను, ఆయన క్షమాపణ చెప్తే హుందాగా చిరునవ్వు నవ్వాలని.

"వినపడలేదండీ" అన్నాను.

ఆయన తలెత్తారు. "తప్పయిందమ్మా. మీరు ఏమీ కలపలేదు. నేను అనకూడని మాట అన్నాను."

ఈసారి బాగా వినపడింది. ఎంత బాగుందో!

"నాకు సరేనండి. అక్కాచెల్లెళ్ల వ్యవహారం అన్నారు కదా, మా అక్కకి కూడా చెప్పండి" అని, ఈయన ఫోన్ నుంచి చేస్తే గానీ ఎత్తదని ముందే పట్టుకొచ్చిన ఈయన ఫోన్ తీసి, నంబరు కలిపి, స్పీకరు పెట్టి బల్ల మధ్యలో ఉంచాను.

"ఏంటి మరిదిగారూ?" అంది అక్క. వెనక మోటారు చప్పుడు, షెడ్లో నీళ్లు కొడుతున్నట్టుంది.

డిప్యూటీ గారు ఫోన్ మీదికి వంగి తనెవరో చెప్పి, "మీ గురించీ మీ చెల్లెలి గురించీ ఒక మాట తూలానమ్మా, క్షమించాలి" అన్నారు.

"ఏంటీ? మోటారు నడుస్తోంది, గట్టిగా చెప్పండి."

ఆయన గట్టిగా చెప్పారు. వరండాలో పోయేవాళ్లు ఆగి లోపలికి తొంగి చూశారు.

"సరేలెండి బాబూ" అంది అక్క. "మీరెవరో నాకు తెలీదు, మీరన్నది నాకు తగల్లేదు. నాకు తెలిసిన మనిషి అంటేనే తగిలింది. అది అక్కడే ఉందా?"

అందరూ నా వైపు తిరిగారు. డైరెక్టర్ గారు, డిప్యూటీ గారు, ఎర్రస్టాంపు మేడం, ఆ రోజు నోరెత్తని వాళ్లందరూ. ఇంతసేపూ నేను కూర్చున్నది జడ్జి కుర్చీలో అనుకుంటున్నాను.

"ఉన్నానక్కా" అన్నాను. "తప్పు నాది. నీ పుట్టగొడుగుల్లో ఏ లోపమూ లేదు. నువ్వు చెప్పింది నమ్మకుండా నిన్ను అనుమానించాను."

అడుగుల చప్పుడు దూరంగా వెళ్లింది. మోటారు ఆగిపోయింది. అడుగులు మళ్లీ దగ్గరికొచ్చాయి.

"ఇప్పుడు చెప్పు" అంది.

మళ్లీ చెప్పాను. మొదటినుంచీ, ఒక్క ముక్క తగ్గించకుండా, ఆ నిశ్శబ్దంలో.

"ఊఁ" అంది అక్క. తర్వాత, "తిన్నావా?" అంది.

ఇంకా లేదన్నాను. అంతమంది ముందు, గెలిచిన బల్ల దగ్గరే కూర్చుని, భోరుమని ఏడ్చేశాను.